ఉప్పు బోరు, రేగడి నేల, గరిక లాన్: ఆరేళ్ల అనుభవం

ఒంగోలులో ఇల్లు కట్టుకున్నాక ముందున్న రెండు సెంట్ల జాగాలో 2018లో కొరియన్ గడ్డి పరిపించాం. మొదట్లో తివాచీలా ఉంది, వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మరుసటి ఎండాకాలానికి పళ్లెమంత మచ్చలు పడి ఎండిపోయింది. ఆ గడ్డి పాకడం చాలా నెమ్మది, ఒకచోట ఖాళీ పడితే నిండడానికి నెలలు పడుతుంది. ఒక మూల పట్టుకుని లేపితే దుప్పటిలా లేచి వచ్చింది. కింద సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, గట్టిపడిపోయిన రేగడి. వేర్లు రెండంగుళాలు కూడా దిగలేదు. పరిచినవాళ్లు నేల తవ్వలేదు, తవ్వించాలని మాకూ తెలియదు.

2019లో అదంతా తీసేసి గరిక వేశాం. నర్సరీల్లో బెర్ముడా అని అమ్మేది మన గరిక జాతే. లాన్‌కి అందులో సన్నాకు రకం ఎంచుకుంటారు. "పొలంలో గరిక పీకలేక చచ్చేవాళ్లం, నువ్వు డబ్బులిచ్చి నాటిస్తున్నావేందిరా" అంది అమ్మ. పొలంలో దాన్ని మొండి కలుపు చేసిన గుణమే మా ఇంట్లో పనికొచ్చింది. ఎండకు, ఉప్పు నీళ్లకు అది ఓర్చుకుంటుంది, తొక్కినా తిరిగి లేస్తుంది.

ఈసారి నేల పని దగ్గర రాజీపడలేదు. తొమ్మిది అంగుళాలు తవ్వించి, రాళ్లూ పెళ్లలూ ఏరించి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపించాం. మట్టి పరీక్షలో క్షారం ఎక్కువని తేలితే జిప్సం కూడా వేశాం. తర్వాత నీళ్లు పెట్టి మూడు వారాలు ఊరికే వదిలేశాం. ఆ మూడు వారాల్లో లేచిన తుంగ చూస్తే గుండె ఆగినంత పనైంది.

తుంగను చేత్తో లాగితే ఆకులే వస్తాయి. గునపంతో లోతుగా పెళ్లగిస్తే నల్లటి చిన్న గడ్డ, దాని నుంచి దారంలాంటి తీగ, ఆ చివర ఇంకో గడ్డ కనబడతాయి. ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ మొలుస్తుంది. చెరకు రైతులు వాడే తుంగ మందు ఉందన్నారు గానీ, పిల్లలు ఆడుకునే చోటని నేను వాడలేదు. మొదటి రెండేళ్లూ ప్రతి ఆదివారం ఇదే పని. ఇప్పుడు నెలకు పదో పదిహేనో మొక్కలు కనిపిస్తాయి, అంతే.

జులైలో కణుపులున్న తీగ ముక్కలు నాలుగంగుళాల దూరంలో గుచ్చాం. వినాయక చవితికి నేల చాలావరకు కప్పేసింది. అప్పటి నుంచి ఏటా చవితి పొద్దున వీధిలో పిల్లలు పూజకు గరిక కోసుకోవడానికి మా ఇంటికే వస్తారు.

ఇక నీళ్లు. ఈ లాన్‌లో నాకున్న పెద్ద టెన్షన్ ఇదే. రెండు సెంట్లంటే దాదాపు 80 చదరపు మీటర్లు. అంగుళం మందాన తడపాలంటే 2,000 లీటర్లు కావాలి. ఎండాకాలంలో వారానికి అంగుళంన్నర పెడతాను. కుళాయి నీళ్లతో అయ్యే పని కాదు, మా బోరేమో ఉప్పు. మొదట్లో రోజూ సాయంత్రం కాసేపు పైపు పట్టేవాణ్ని. నేల మీద తెల్లగా ఉప్పు పేరింది, వేర్లు పైపైనే ఉండిపోయాయి. ఇప్పుడు వారానికి రెండుసార్లు, రోహిణి కార్తెలో మూడుసార్లు, తెల్లవారుజామున లోతుగా పెడతాను. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చితే అయిదంగుళాలు సులువుగా దిగాలి. గడ్డి మీద నడిచిన అడుగు అలాగే అణిగి ఉండిపోయిందంటే దానికి దాహం వేసినట్టు. అక్టోబరు, నవంబరు వానలు పేరుకున్న ఉప్పును కిందికి కడిగేస్తాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు రెండు రోజులు నీళ్లు నిలిచినా గడ్డి కుళ్లలేదు.

ఎరువు వానాకాలంలో రెండుసార్లే. ఒక్కో తడవకు సెంటుకు 400 గ్రాముల యూరియా చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. ఒకసారి ఆలస్యం చేస్తే చల్లినచోటల్లా మాడిపోయింది. యూరియా వేసినా ఆకు పసుపుగానే ఉంటే మా క్షార నేలలో అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే వారంలో రంగు తిరిగింది.

కోత అంగుళంన్నర ఎత్తులో, ఎప్పుడూ ఆకు పొడవులో మూడో వంతుకు మించకుండా. బ్లేడు మొద్దుబారితే కొసలు పీచులై తెల్లబడతాయి, కాబట్టి ఏడాదికి రెండుసార్లు సాన పట్టిస్తాను.

వేపచెట్టు కింద మాత్రం గరిక బతకలేదు. మూడుసార్లు నాటాను, మూడుసార్లూ పలచబడి పోయింది. దానికి రోజంతా ఎండ కావాలి. నీడ ఎక్కువున్న ఇంటికి నేనైతే గరిక వేయమని చెప్పను. బోరు లేనివాళ్లు రెండు సెంట్లు కాదు, అర సెంటుతో మొదలుపెట్టండి.

వేప కింద ఇప్పుడు కడప రాళ్లు పరిచి అమ్మకు కుర్చీ వేశాం. ఈ వానాకాలం గేటు పక్కనున్న కాస్త జాగాలో కూడా గరిక నాటాం. నారు బయట కొనలేదు, మా లాన్ అంచుల్లో రాళ్ల మీదికి పాకిన తీగలే కోసి గుచ్చాం.