డుడుమకు పూట సరిపోదు, దేవమాలికి పొద్దున్న చాలు

ఒడిశాలోని రాయగడ నుంచి కొరాపుట్ కొండల్లోకి కారేసుకుని వెళ్దామనుకునే స్నేహితులకు ముందే చెప్పేస్తున్నా. దేవమాలి శిఖరం మీద టెంటుకు పెట్టే డబ్బు మిగుల్చుకుని, ఆ పూట కూడా డుడుమ జలపాతం దగ్గరే గడపండి. మా నలుగురిలో ఇద్దరు ఈ మాట ఒప్పుకోరు. టెంటు ముందు వాళ్ల ఫోటోలు బాగా వచ్చాయి మరి.

వానలు తగ్గి, చలి ఇంకా ముదరని రోజులు చూసుకుని శుక్రవారం సాయంత్రం బయల్దేరాం. లక్ష్మీపూర్ ఘాట్‌లో లారీ వెనక పడితే దాని దయ ఉన్నప్పుడే ముందుకు. కొరాపుట్‌లో దిగిన లాడ్జి పేరు చెప్పను. ఇరవై నాలుగు గంటలూ వేడి నీళ్లని బుకింగ్‌లో రాశారు, తీరా అడిగితే "పొద్దున్న ఏడు దాకానే బాబూ" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు, అదీ తెలుగులోనే. గదిలో వానాకాలం తేమ వాసన పోలేదు. పక్కలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, కారు లోపల పెట్టుకోవడానికి చోటుంది.

మళ్లీ వెళ్తే సెమిలిగుడలో దిగుతాను. దేవమాలికీ డుడుమకీ దారులు చీలేది అక్కడే. కొరాపుట్‌లో ఉంటే రెండు రోజులూ ఆ ముక్క దారి తిరగాల్సిందే. ఊళ్లో కొండమీది జగన్నాథుడి గుడి కోసం మాత్రం శనివారం పొద్దున్న ఆగినా నష్టం లేదు. శబర శ్రీక్షేత్రం అంటారు, పూరీలోలా కాకుండా ఇక్కడ అన్ని మతాల వాళ్లకూ ప్రవేశం ఉంది. పక్కనే గిరిజన మ్యూజియం, గంటలో చూసేయొచ్చు.

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో ఇంతకంటే ఎత్తయిన శిఖరం లేదు. కారు దాదాపు పైదాకా పోతుంది, అదే దాని అందమూ, అదే దాని ఖర్మానూ. దారిలో వాలు పొలాల నిండా వలిసె పూలు, ఎటు చూసినా పసుపే. పైకి వెళ్లాక సౌండ్ బాక్సులు, పేపర్ ప్లేట్లు, సీసాలు. మేం తీసుకున్న టెంటుకు ఒక పక్క జిప్ పాడైంది, రాత్రంతా గాలి లోపలే కాపురం పెట్టింది. రగ్గులు ఇంకో రెండు అడిగితే విడిగా డబ్బులన్నారు. అర్ధరాత్రి దాటినా పాటలు ఆగలేదు. అయితే తెల్లవారుజామున కొండల మధ్య మబ్బు పాలకుండ పొంగినట్టు లేస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాం, అది అబద్ధం కాదు. ఆ గంట కోసం సెమిలిగుడ నుంచి చీకట్లో బయల్దేరి వస్తే చాలు, టిఫిన్ వేళకు కిందికి దిగిపోవచ్చు.

ఆదివారం నందపూర్, లాంతాపుట్ మీదుగా డుడుమ. దారిలో ఒక రేకుల పాక దగ్గర ఒకామె విస్తరాకు దొప్పలో వేడి వడలు వేసి, మీద ఘుగుని, అంటే బఠానీ కూర, పోసి, చిటికెడు ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చింది. దొప్ప అడుగున ఘుగుని కారకుండా చిన్న పుల్ల గుచ్చిన తీరు చూడాలి. ఇంకో దొప్ప అడిగే లోపే వడలు అయిపోయాయి. రెండు రోజుల్లో తిన్న వాటిలో నేను మొదటి మార్కు వేసేది దానికే.

డుడుమ ఎత్తు 175 మీటర్లంటారు. మాచ్‌ఖండ్ నది ఒక్కసారిగా లోయలోకి దూకేస్తుంది. కిందికి పోయాక ఈ నదే సీలేరు. ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. నీళ్లలో పెద్ద వాటా జలపాతానికి రాకుండా పవర్‌హౌస్‌కు పోతుంది, అందుకే ఎండాకాలంలో వెళ్లినవాళ్లు "ఇంతేనా" అంటారు. 1955లో మొదలైన ఈ జలవిద్యుత్ కేంద్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి, సామర్థ్యం 120 మెగావాట్లు. పైన జలాపుట్ రిజర్వాయర్ కింద ఊళ్లు మునిగిన సంగతి కూడా ఇక్కడి పెద్దవాళ్లను కదిపితే వస్తుంది.

చూడటానికి ఎగువన నిలబడితేనే బాగుంటుంది. మధ్యాహ్నం ఎండ లోయలోకి దిగాక తుంపర మీద ఇంద్రధనుస్సు కాసేపు కనబడి మాయమైంది. కిందికి మెట్లున్నాయి, కానీ నాచు పట్టి జారుతున్నాయి. మావాడొకడు సగం దిగి, "ఒరేయ్, నా వల్ల కాదు" అని వెనక్కొచ్చేశాడు. మంచి పనే చేశాడు. నదిలో బండల మీదికి మాత్రం అసలు వెళ్లొద్దు. 2025 ఆగస్టులో వీడియో తీస్తున్న ఒక యువకుడు ఇక్కడే, పైనుంచి నీళ్లు వదలడంతో వరదలో కొట్టుకుపోయాడు.

డుడుమకు దగ్గర్లోని ఒనకఢిల్లీ సంత గురువారం, శని ఆదివారాల్లో వచ్చేవాళ్లకు దొరకదు. ఆ సంతకు వచ్చే బోండా గిరిజనులను వింతగా చూస్తూ మొహాల మీద కెమెరాలు పెట్టేవాళ్ల గుంపు ఒకటి తగ్గుతుంది కాబట్టి నాకేం బాధ లేదు.

నగదు దగ్గర పెట్టుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ట్యాంకు సెమిలిగుడలోనే నింపుకోండి. గుప్తేశ్వరాన్ని మాత్రం ఈ రెండు రోజుల్లో ఇరికించొద్దు. ఆ సున్నపురాతి గుహాలయం జయపురం దాటాక, శబరి ఒడ్డున అడవిలో ఉంది, డుడుమకు పూర్తిగా వేరే దారి. దానికి ఇంకో సెలవు పెట్టుకోవాల్సిందే.