వేసవిని తట్టుకున్న మట్టి నల్లులు: మా నారు నర్సరీలో అనుభవం

నల్లగొండ ఎండాకాలాన్ని దాటి ఈ నల్లులు బతుకుతాయని నేను అనుకోలేదు. అవి బతికాయి, నేను ప్రధానంగా చెప్పదలచింది కూడా అదే. మట్టిలో తిరుగుతూ ఇతర పురుగుల పిల్లలను వేటాడి తినే స్ట్రాటియోలేలాప్స్ సిమిటస్ అనే నల్లిని నకిరేకల్ వైపున్న మా షేడ్‌నెట్ నర్సరీలో మిరప, టమాట, వంగ నారు కోసం వాడుతున్నాము. పాత పుస్తకాల్లో దీనినే హైపోయాస్పిస్ మైల్స్ అని రాసేవారు. ఎర్రనల్లి మీద మందు కొట్టడమే తెలిసిన మా కూలీలు, నల్లిని డబ్బు పెట్టి కొనడమేమిటని ఈనాటికీ నవ్వుతూనే ఉంటారు.

మా బాధ ఆకుల రసం పీల్చే తామర పురుగుతో మొదలు కాలేదు. నారు ట్రేలలో నింపే తడి కొబ్బరి పొట్టు మీద ముసిరే చిన్న నల్ల ఈగలతో మొదలైంది. ఆ ఈగలు చేసే హాని కొంచెమే. వాటి పిల్లలు, అంటే నల్లటి తల, గాజులాంటి తెల్లటి ఒళ్లు ఉన్న సన్నని పురుగులు, లేత వేళ్ల కొసలను కొరికి నారుకుళ్లు తెగులుకు దారి తీస్తాయి. మందు కొడితే ఎగిరే ఈగ చచ్చేది, కానీ ట్రేలు పెట్టే బల్లల కింద, కారిన నీటితో నాచు పట్టిన నేలలో నుంచి మళ్లీ కొత్తవి పుట్టుకొచ్చేవి. అందుకే నల్లులను ట్రేలలో కొంచెమే వేసి, ఎక్కువ భాగం బల్లల కింద నేల మీద చల్లించాను. చలికాలంలో ఫలితం స్పష్టంగా కనిపించింది, నారు పడిపోవడం తగ్గింది.

ఆ తరువాత మే నెల వచ్చింది. 20 నుంచి 25 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే ప్రాణికి 43, 44 డిగ్రీలు తాకే మా ఎండలో ఏ ఆశ పెట్టుకోవాలి? వర్షాలు మొదలు కాగానే కొత్త పార్సిల్ తెప్పించుకోవలసిందేనని అనుకుని, అంతకు ముందు పురుగు ఉధృతి ఎంత ఉందో చూద్దామని బంగాళాదుంప ముక్కలను తడి నేలకు ఒత్తి పెట్టించాను. ఈగ పిల్లలు ఆ ముక్క వాసనకు కిందికి చేరతాయి కాబట్టి, ఒకటి రెండు రోజుల తరువాత తిప్పి చూస్తే లెక్క తెలిసిపోతుంది. ఏ పరికరమూ అక్కరలేని పరీక్ష ఇది. తొలకరి తరువాత తిప్పిన ముక్కల కింద తెల్ల పురుగులు అక్కడక్కడ మాత్రమే కనిపించాయి. వాటికి బదులుగా లేత గోధుమ రంగు చుక్కలు వెలుతురు తగలగానే పక్కకు పరుగెత్తాయి. భూతద్దంలో చూస్తే మన నల్లులే! బల్లల నీడ, ట్రేల నుంచి కారే నీరు, కుళ్లిన పొట్టు కలిసి ఆ నేలను బయటి ఎండకు దూరంగా ఉంచినట్టున్నాయి. ఈగ పిల్లలు దొరకని రోజుల్లో మట్టిలోని ఇతర సూక్ష్మజీవులతోనూ, కుళ్లిన సేంద్రియ పదార్థంతోనూ ఇవి కొంతకాలం నెట్టుకురాగలవు. ఒకసారి కొన్నది మరుసటి పంటకాలానికి కూడా మిగలడం మందు డబ్బాతో ఎన్నడూ సాధ్యం కాని సంగతి.

అయితే పడమటి అంచున, మధ్యాహ్నం ఎండ నేరుగా పడి తడి ఆరిపోయే వరుసల కింద ఒక్క నల్లి కూడా కనిపించలేదు. ట్రేలలో వేసినవి నారుతో పాటే రైతుల పొలాలకు వెళ్లిపోతాయి కనుక వాటి ఖర్చు ప్రతి విడతకూ కొత్తదే. అక్కడ గుళికల మందు పడిన మడిలో అవి ఎంతసేపు బతుకుతాయో ఊహించడం కష్టం కాదు. పైగా అదే చలికాలంలో మేము నీళ్లు పెట్టడం తగ్గించాము, నాచును గీకించాము. కాబట్టి నారు పడిపోవడం తగ్గిన ఘనత అంతా నల్లులకే కట్టబెట్టలేను.

తామర పురుగు విషయంలో నా తృప్తి ఇంకా తక్కువ. 2021లో మన మిరప తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు సహా చాలా తామర పురుగులు రెక్కలు రాకముందు ఉండే నిద్రావస్థను మట్టిలోనే గడుపుతాయి, ఆ దశలో ఈ నల్లులు వాటిని తింటాయి. అంతవరకు నిజమే. కానీ చుట్టూ మిరప చేలు ఉన్నచోట గాలికి కొట్టుకొచ్చే రెక్కల తామర పురుగును నేలలో తిరిగే నల్లి ఏమీ చేయలేదు. నీలి రంగు జిగురు అట్టలు ఇప్పటికీ కడుతున్నాము, ఆకు మీద మందు పిచికారీ తగ్గిందే తప్ప ఆగలేదు.

నీడ, తడి, కొబ్బరి పొట్టు, బల్లల కింద కదిలించని నేల ఉన్న మాలాంటి నర్సరీకి ఇది గిట్టుబాటయింది. నాకున్న రెండెకరాల చల్కా (ఎర్ర ఇసుక) భూమిలో వేసే మిరపకు మాత్రం నేను కొనను. పార్సిల్ దారిలో ఎండకు ఉడికిపోయే భయం ఉన్నందున, ఈసారి అవసరమైనా సెప్టెంబర్ చల్లబడే దాకా ఆగి, పడమటి వరుసలకు చాలినంత మాత్రమే తెప్పించుకుంటాను.