వాకిట్లో తాండూరు బండలు: ఒకే సైజా, మూడు సైజులా?

ఇంటి ముందు 15×12 అడుగుల వాకిలి ఉందనుకుందాం. అన్నీ 2×2 బండలు తెచ్చి, వరసకీ వరసకీ సగం బండ జరుపుతూ వేయొచ్చు. లేదా 2×2, 2×1, 1×1 కలిపి అల్లొచ్చు. చూపుకు అల్లికదే పైచేయి. కానీ మిషన్ కోత బండలు దొరక్కపోతే దాని జోలికి పోవద్దు.

ఒకే సైజైతే ఆరు వరసలు, వరసకు ఏడు నిండు బండలు, ఒక సగం. మొత్తం 45 బండల్లో కోసేవి మూడే. అల్లికకు 2×2లు 22, 2×1లు 32, 1×1లు 28, అంటే 82 బండలు. సందుల పొడవు 159 అడుగుల నుంచి 213కు పెరుగుతుంది. పాయింటింగ్ (సందుల్లో సిమెంటు నింపడం) పని కూడా అంతే పెరుగుతుంది.

అల్లిక చెడేది ఎక్కువగా సందు దగ్గరే. 10 మి.మీ. సందు పెడితే 600 మి.మీ. (రెండడుగుల) బండ పక్కన రెండు చిన్నవి సరిగ్గా సరిపోవాలి. చిన్నవి 300 కోయిస్తే మధ్య సందుతో కలిపి 610 అవుతుంది. నాలుగు బండలు దాటేసరికి ఎక్కడో సందు మూసుకుపోతుంది, ఇంకోచోట వేలు పట్టేంత తెరుచుకుంటుంది. అందుకే ఒక అడుగు ఉండాల్సిన వైపు 295కే కోయించాలి. చేత్తో చెక్కిన అంచులైతే ఒకే సైజే మేలు. వెడల్పు కొలిచి, దగ్గరదగ్గరగా ఉన్నవి ఒక వరసకు ఏరుకుంటే తేడా కనిపించదు.

అల్లికను ముందు గళ్ల కాగితం మీద, గడి ఒక అడుగు చొప్పున, గీసుకోండి. పెద్దవి చెదురుగా పెట్టి, 2×1లు కొన్ని నిలువు, కొన్ని అడ్డం వేసి, మిగిలిన గళ్లలో 1×1లు నింపాలి. నాలుగు మూలలు ఒకచోట కలవకూడదు. ఒకే సందు ఆరడుగులకు మించి తిన్నగా సాగకూడదు. గడప ముందు ముగ్గు పడేచోట 2×2లే ఎక్కువ వచ్చేలా చూడండి, గీత సందుల్లో తెగదు.

డ్రైనేజీ ఛాంబర్ మూత వాకిలి మధ్యలో ఉంటే మాత్రం అల్లికే నయం. వరసల్లో మూత చుట్టూ కోత ముక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అల్లికలో కలిసిపోతాయి.

ఏది వేసినా 10 అడుగులకు అంగుళంన్నర వాలు ఇవ్వాలి. చిన్న బండలు తేలిగ్గా ఒరుగుతాయి కాబట్టి అల్లికలో ప్రతి బండకీ రెండు దిక్కులా రసమట్టం పెట్టాలి. మందం 25 నుంచి 35 మి.మీ. దాకా మారుతుంది, మందమైన బండను బట్టే మట్టం దారం కట్టండి. 1:6 మాలు (ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక) బండ కిందంతా పరచాలి. నాలుగు మూలల్లో ముద్దలు పెట్టి వదిలేస్తే మధ్య డొల్లవుతుంది, బండి స్టాండ్ వేసిన రోజున పగులుతుంది.

చివర్లో సిమెంటు మరకలకు మేస్త్రీ యాసిడ్ తెస్తే ఆపండి. తాండూరు బండ సున్నపురాయి, యాసిడ్ దాని పైపొరను తినేస్తుంది. పాయింటింగ్ చేస్తూండగానే తడి స్పాంజితో తుడిపించాలి.