శ్రీశైలం గేట్ల నుంచి గండికోట దాకా: కాలువ వెంబడి మూడు రోజులు

శ్రీశైలం గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిందంటే కర్నూలులో సగం ఊరు ఆ దారి పడుతుంది. ఆగస్టు చివరి వారంలో మేమూ బయలుదేరాము. అయితే డ్యాం చూసి వెనక్కి రాకూడదని, అక్కడి నీళ్లు మన సీమలో ఏ ఊరికి ఎలా చేరుతున్నాయో గండికోట దాకా వెళ్లి చూడాలని మా చిన్నాయన షరతు పెట్టారు. ఆయన కేసీ (కర్నూలు-కడప) కాలువ మీద లస్కరుగా, అంటే కాలువ నీళ్లను చూసుకునే ఉద్యోగిగా పనిచేసి రిటైరైన మనిషి.

ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం దాదాపు 180 కిలోమీటర్లు. రాత్రిళ్లు నల్లమల చెక్‌పోస్టుల దగ్గర వాహనాలను ఆపేస్తారు కాబట్టి తెల్లవారగానే బయలుదేరడం మేలు. దేవస్థానం గదులూ సత్రాలూ అప్పటికే నిండిపోవడంతో ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాము. ఫోనులో చెప్పిన అద్దె ఒకటి, చేరాక అడిగినది దానికి రెట్టింపు. పైగా ఇంత నీటి పక్కన ఉన్న ఆ గదిలో తెల్లవారుజామున కుళాయిలో చుక్క రాలేదు. గేట్లు ఎత్తిన వారంలో వెళ్లేవారు గదిని ముందే ఖాయం చేసుకోవాలి, లేదా ఆ రాత్రికి అక్కడ ఉండే ఆలోచనే మానుకోవాలి.

డ్యాం దిగువన లింగాలగట్టు దగ్గర నిలబడితే తుంపర కళ్లద్దాల మీద పేరుకుని, తుడిచిన ప్రతిసారీ మళ్లీ మసకబారుతుంది. అక్కడి దుకాణాల్లో కళ్లెదుటే వేయించి ఇచ్చే చేపలు ఈ యాత్రలో మేము తిన్న వాటన్నిటిలోకీ రుచైనవి. జలాశయం మీద బతికే జాలరి కుటుంబాలను అక్కడ చూశాక, ప్రాజెక్టు లాభాలు లెక్కవేసేటప్పుడు చేపలను చివరి వరుసలో ఎందుకు రాస్తారో నాకు అర్థం కాలేదు.

ఈ డ్యాంకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట దీన్ని కరెంటు కోసమే తలపెట్టారు, సాగునీరు తర్వాత వచ్చి చేరింది. కుడిగట్టున 770, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 900 మెగావాట్ల సామర్థ్యం ఉంది. మొదట్లో 308 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పట్టిన జలాశయం పూడిక చేరి ఇప్పుడు 215 టీఎంసీల దగ్గరకు కుంచించుకుపోయింది. పన్నెండు గేట్లలో పది ఎత్తి ఉండగా జనం సెల్ఫీల కోసం తోసుకుంటుంటే చిన్నాయన మాత్రం గట్టున కూర్చుని, "గేటు ఎత్తినారంటే ఆ నీళ్లు మనం పట్టుకోలేకపోయినామని రా నాయనా, దాన్ని జూసి సంబరపడేదేముంది" అన్నారు. లెక్క వేసి చూస్తే ఆ మాటలో బరువుంది. రెండు లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు రెండు లక్షల ఘనపుటడుగుల చొప్పున ఒక్క రోజు వదిలితే సుమారు 17 టీఎంసీలు, అంటే మన వెలుగోడు జలాశయం మొత్తం. అదంతా వృథా కాదన్నదీ నిజమే. కింద నాగార్జునసాగర్, పులిచింతల నిండాక ప్రకాశం బ్యారేజీ దాటినదే సముద్రం పాలవుతుంది.

రెండో రోజు శ్రీశైలం జలాశయం నీళ్లను సీమ కాలువలోకి వదిలే పోతిరెడ్డిపాడు తూములు, ఆ కాలువ చీలే బనకచెర్ల రెగ్యులేటరు చూశాము. నా మటుకు ఈ యాత్రలో చూడదగిన చోటు ఇదే, సౌకర్యాలు ఏమీ లేని చోటూ ఇదే. దారి చూపే బోర్డు సరిగా లేదు, టీ బంకు లేదు, మరుగుదొడ్డి లేదు. తాగునీరూ తిండీ వెంట తీసుకెళ్లాలి. జలాశయంలో నీటిమట్టం సముద్రమట్టం నుంచి 854 అడుగులకు పైన ఉంటేనే పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు సరిగా అందుతాయి. పూర్తి మట్టం 885 అడుగులు. కరెంటు కోసం కిందికి వదిలి మట్టం తగ్గించారని ప్రతి ఏటా గొడవ జరిగేది ఈ 31 అడుగుల మీదే. ఒకప్పుడు 11,150 క్యూసెక్కులున్న తూముల సామర్థ్యాన్ని తర్వాత 44,000కు పెంచారు. అక్కడి నుంచి పదహారు కిలోమీటర్లు పారి బనకచెర్ల చేరిన కాలువ మూడుగా చీలుతుంది: ఒకటి వెలుగోడు మీదుగా తెలుగుగంగగా బ్రహ్మంసాగర్‌కూ ఆపైన చెన్నై దాహానికీ, ఒకటి గోరకల్లు, అవుకు జలాశయాల మీదుగా గండికోట వైపు, ఒకటి నిప్పులవాగు గుండా కుందూలోకి, కేసీ ఆయకట్టుకు. రెగ్యులేటరు కింద ఎర్రనీళ్లు సుడులు తిరుగుతుంటే చిన్నాయన నీటిమట్టం చూపే గేజీ పలకను చదివి, జేబులోంచి పాత నోటుబుక్కు తీసి అంకె రాసుకున్నారు. ఎవరికి చూపాలని అడిగితే, అలవాటన్నారు.

రాత్రి బస నంద్యాలలో. బస్టాండుకు దగ్గరలో శుభ్రమైన గదులు, మంచి భోజనం దొరుకుతాయి; కుటుంబంతో వెళ్లేవారు శ్రీశైలం కన్నా ఇక్కడ ఉండడమే సుఖం. మూడో రోజు గండికోట దారిలో, అప్పటిదాకా వరి మళ్లు చూసిన కళ్లకు, అవుకు దాటాక వానకోసం ఎదురుచూస్తున్న మెట్టపొలాలు కనిపించగానే కాలువ నీళ్లు పొలాలకు అందడం ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

గండికోటలో పర్యాటక శాఖ హోటలు ఉంది, శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. లోయ అంచున గుడారాలు అద్దెకిచ్చేవారూ ఉన్నారు గానీ అక్కడ గోడా కంచే లేవు కాబట్టి పిల్లలతో వెళ్లేవారికి నేను సిఫారసు చేయను. కోట చూసేవారిలో ఎక్కువమంది 26.85 టీఎంసీల గండికోట జలాశయం దాకా వెళ్లరు. అక్కడి నుంచే నీటిని ఎత్తిపోసి పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు పంపుతారు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటలకు ఆధారం ఆ నీళ్లే.

జలాశయం గట్టు దగ్గర జొన్నరొట్టెలు అమ్ముతున్న ఒకామెది మునిగిపోయిన ఊరు. పరిహారం డబ్బుతో కాలనీలో ఇల్లు కట్టుకున్నామని, పొలం మాత్రం మళ్లీ కొనలేకపోయామని చెప్పింది. ఈ నీళ్లతో మీకేమైనా మేలు జరిగిందా అని అడిగితే, "చూడనీకి వచ్చేటోళ్లు రొట్టె తింటారు గదా సార్" అంది. నలుగురికి రొట్టె, ఉల్లికారం, పప్పు కలిపి ఆమె తీసుకున్నది 200 రూపాయలు.