పర్వత ప్రాంత వాటర్‌షెడ్ శిక్షణ: వాలు కొలవడం నేర్పారు, వాటాల మాట ఎత్తలేదు

కొండ ప్రాంతాల్లో నేల, నీటి సంరక్షణ పనులు చూసే క్షేత్ర సిబ్బంది కోసం ఒక సంస్థ నిర్వహించిన అయిదు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చాను. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. రుసుము కట్టి, సెలవు పెట్టి ఇలాంటి కోర్సుకు వెళ్లాలనుకునేవారికి అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయిదుకు మూడున్నర మార్కులు ఇస్తాను.

మొదటి రోజంతా తరగతి గదిలోనే గడిచిపోయింది. 1992 నాటి రియో పర్యావరణ సదస్సు ఆమోదించిన సుస్థిరాభివృద్ధి కార్యాచరణ పత్రం అజెండా 21లో పదమూడో అధ్యాయం పర్వత ప్రాంతాలదేననీ, 2002ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ పర్వతాల సంవత్సరంగా ప్రకటించిందనీ తెలుసుకోవడం మంచిదే గానీ, దానికి అరపూట చాలు.

రెండో రోజు ఏ-ఫ్రేమ్ చేతికిచ్చారు. రెండు కర్రలను పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, కొస నుంచి రాయి కట్టిన దారం వేలాడదీస్తే తయారయ్యే ఈ సాధనంతో వాలు మీద కాంటూరు గీతను, అంటే ఒకే ఎత్తులో సాగే గీతను, గుర్తించవచ్చు. ముందుగా ఫ్రేము కాళ్లు నేలకు ఆనించి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టాలి; తర్వాత కాళ్ల స్థానాలు తారుమారు చేసి మరో గీత పెట్టాలి; ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే సమమట్టపు గుర్తు. మా జట్టు ఇదంతా శ్రద్ధగానే చేసింది కానీ, ఫ్రేమును భుజాన వేసుకుని కొండెక్కేటప్పుడు ఒక కట్టు వదులైన సంగతి గమనించలేదు. మళ్లీ సరిచూడకుండా గుర్తులు పెట్టుకుంటూ పోయేసరికి, ఇరవై అంగల్లోనే మా గీత మోకాలెత్తు దిగిపోయింది. శిక్షకుడు ఏమీ అనలేదు. ఆ గీత వెంట పలుగుతో సన్నని చాలు తీయించి, బిందెడు నీళ్లు పోయించారు. నీళ్లు ఎక్కడా నిలవకుండా పరుగున చివరికి చేరి, అక్కడ గట్టు తెంపుకుని కిందికి దూకాయి. వాన నీటిని నిలిపి ఇంకించే కందకమే ఆ గీత వెంట తవ్వి ఉంటే తొలి వానకు ఏమయ్యేదో ఎవరూ వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఊటల మీద జరిగిన మూడో రోజు పాఠం కోసమైనా ఈ కోర్సుకు వెళ్లవచ్చు. ఊటకు నీరందించే చోటు దాని పైనున్న వాలే కావాలన్న నియమం లేదు. రాతి పొరలు ఇటువైపు వంగి ఉంటే, శిఖరానికి అవతల కురిసిన వాన ఇవతల ఊటగా బయటపడవచ్చు. అది చూసుకోకుండా ఊట నెత్తిన కందకాలు తవ్వితే శ్రమంతా వృథా అవుతుంది. చరియలు విరిగిపడే వాలులో నీటిని ఇంకించడం ప్రమాదకరమనీ, అక్కడ దాన్ని నిలపకుండా భద్రంగా వాగులోకి మళ్లించాలనీ కూడా చెప్పారు గానీ, అంత ముఖ్యమైన విషయానికి పావుగంట మించి ఇవ్వలేదు.

నా అసంతృప్తి అంతా చివరి రెండు రోజుల గురించే. శివాలిక్ పాదకొండల్లోని సుఖోమాజ్రీని ఆదర్శ గ్రామంగా చూపారు. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సును నింపుతున్న పూడిక ఎక్కడిదో వెతుకుతూ 1970లలో పి.ఆర్. మిశ్రా నాయకత్వంలోని శాస్త్రవేత్తలు ఆ ఊరి పైనున్న బోడి గుట్టలకు చేరి, అక్కడ చిన్న మట్టికట్టలు కట్టించారని చెప్పి ఊరుకున్నారు. అసలు సంగతి ఆ తర్వాతది. భూమి ఉన్నా లేకున్నా ప్రతి కుటుంబానికీ ఆ నీటిలో వాటా దక్కడం వల్లే ఊరంతా ఒక్కమాట మీద పశువులను గుట్టల మీదికి తోలడం మానింది. దీని గురించి నేను అడిగితే, అది సామాజిక విభాగం వారి అంశమని జవాబు వచ్చింది.

చివరి రోజు జట్టుకొక వాలు ఇచ్చి, పనుల పటం గీయమన్నారు. మేము నాలుగు వరుసల కందకాలు వేశాం. చాలాసేపటి నుంచి మమ్మల్ని చూస్తూ నిలబడిన మేకల కాపరి ఒకాయన, తన మంద రేపటి నుంచి ఎటు పోవాలని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు, శిక్షకుల దగ్గరా లేదు. సాయంత్రం మా పటానికి పూర్తి మార్కులు వచ్చాయి.