పలాస నుంచి ట్రేడ్ మ్యాప్: 080132 వెనుక ఏ పప్పు ఉంది?

పలాసలో మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. నాన్నగారి రోజుల నుంచీ బ్రోకరు ఫోనులో చెప్పిందే మాకు మార్కెట్టు. విదేశాలకు నేరుగా పంపాలని నిశ్చయించుకున్నాక నిరుడు ట్రేడ్ మ్యాప్ వాడటం మొదలుపెట్టాను. జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం నడిపే వెబ్‌సైటు ఇది. పేరు నమోదు చేసుకున్నాను, రూపాయి ఖర్చు కాలేదు.

ఎగుమతి దిగుమతుల లెక్కల్లో దేశాలన్నీ సరుకులకు వాడే కోడ్‌లలో వలిచిన జీడిపప్పుది 080132. అది కొట్టి భారతదేశాన్ని ఎంచుకుంటే మన పప్పు ఏ దేశానికి ఎంత వెళ్లిందో, టన్నుకు సగటున ఎంత పలికిందో వరుసగా వస్తుంది. మొదటి రాత్రి ఆ పట్టిక ముందు నుంచి లేవలేకపోయాను.

తప్పు చేసింది కూడా ఆ రాత్రే. సగటు ధర తక్కువగా ఉందని ఒక దేశాన్ని జాబితాలోంచి తీసేశాను. మర్నాడు గ్రేడింగ్ బల్ల దగ్గర ఆడవాళ్లు గుండు పప్పు ఒక పళ్లెంలోకి, బద్దలూ ముక్కలూ ఇంకో పళ్లెంలోకి వేరు చేస్తుంటే అసలు సంగతి తట్టింది. ఆ ఆరంకెల కోడ్‌లో రెండు పళ్లేలూ కలిసే ఉన్నాయి! పౌను బరువుకు 300 నుంచి 320 పప్పులు తూగే డబ్ల్యూ 320 గ్రేడు గుండూ, మిఠాయిల్లోకి వెళ్లే ముక్కా అక్కడ ఒకటే లెక్క. మన ఎనిమిదంకెల కోడ్‌లలో మాత్రం ముక్కకు 08013210, గుండుకు 08013220 అని వేరుగా ఉన్నాయి. ఆ లెక్కలు కేంద్ర వాణిజ్య శాఖ వెబ్‌సైటులో చూశాను. నేను తీసేసిన దేశం ఎక్కువగా కొంటున్నది ముక్కే. మా దగ్గర మిగిలిపోయేదీ అదే.

నెదర్లాండ్స్ దిగుమతులు చూసి ఆశపడేవారు ఆ దేశపు ఎగుమతుల పట్టిక కూడా తెరవాలి. అక్కడికి చేరిన పప్పు చాలావరకు జర్మనీ వంటి దేశాలకు మళ్లీ వెళ్లిపోతుంది. అంటే మనం బేరమాడేది మన లాంటి వ్యాపారితోనే.

ఈ వారం ధర మాత్రం ఇందులో వెతకకండి. ప్రభుత్వాలు లెక్కలు పంపాకే ఇక్కడికి చేరతాయి. అందుకని రోజూ ఫోనుకు ధరలు పంపే ఒక సేవకు చందా కట్టాను. ఏ గ్రేడు ధరో, ఏ రేవు దాకానో వాళ్లు చెప్పరు, అడిగినా జవాబు లేదు. మూడు నెలలకు మానేశాను.

ముక్క పప్పు నమూనా డబ్బా గత వారమే ఆ దేశానికి పంపాం. అందులో బద్దలెన్ని, చిన్న ముక్కలెన్ని అన్నది నేనే తూచి చీటీ మీద రాశాను.