సీఈఏనా, సీటీడీఎన్‌ఏనా? పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక దేనికి డబ్బు పెట్టాలి?

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఒకటే బెంగ: మళ్లీ తిరగబెడుతుందా? రక్తంలో ఆ జాడ పట్టే పరీక్షలు ముఖ్యంగా రెండు. పాతది సీఈఏ, 1965లో కెనడాలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ బయటపెట్టిన ప్రోటీన్; పేగు క్యాన్సర్ ఉంటే రక్తంలో తరచూ పెరుగుతుంది. కొత్తది సీటీడీఎన్‌ఏ, అంటే కణితి నుంచి రాలి రక్తంలో తిరిగే డీఎన్‌ఏ తునకలు.

సీఈఏ చవక. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి చేయించమంటారు. చిక్కల్లా, పొగతాగేవాళ్లలో, కాలేయం దెబ్బతిన్నవాళ్లలో ఊరికే పెరుగుతుంది. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల దగ్గర గీత గీస్తే, తిరగబెట్టిన వందమందిలో 71 మందినే పడుతుందని కొక్రేన్ సమీక్ష లెక్క. ఏమీ లేని వందమందిలో 12 మందిని ఉత్తినే హడలగొడుతుంది. గీతను 10కి జరిపితే హడలేవాళ్లు ముగ్గురే, దొరికేవాళ్లు 68. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి నిద్ర మానుకోకండి, డాక్టరుకు చూపించి మళ్లీ చేయించండి. వరుసగా ఎక్కుతోందా అన్నదే అసలు సంగతి.

సీటీడీఎన్‌ఏలో, తీసేసిన కణితిలోని జన్యుమార్పులు ముందు చదివి, అవే రక్తంలో ఉన్నాయేమో వెతుకుతారు. ఆస్ట్రేలియాలో జరిగి 2022లో వెలువడిన డైనమిక్ ట్రయల్‌లో రెండో దశ (లింఫు గ్రంథులకు పాకని క్యాన్సర్) రోగులు 455 మంది. ఈ పరీక్షను బట్టి నిర్ణయించినవాళ్లలో కీమో 15 శాతానికే పడింది, మామూలు పద్ధతిలో 28 శాతానికి. రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 93.5, 92.4 శాతం, దాదాపు సమానం. కీమో కొందరికి తప్పింది, నా లెక్కలో దీని విలువంతా అదే. ఖరీదు మాత్రం ఎక్కువ. పైగా ఊపిరితిత్తుల్లో, పొట్టపొర మీద మొలిచిన చిన్నవి దీనికి చిక్కకపోవచ్చు.

ముందే తెలిస్తే ఆయుష్షు పెరుగుతుందా? అండాశయ క్యాన్సర్‌లో సీఈఏలాగే రక్తంలో పెరిగే మార్కర్ సీఏ-125 మీద 2010లో వచ్చిన ట్రయల్ చూడండి. మార్కర్ పెరగగానే కీమో మొదలెట్టినవాళ్లలో సగంమంది 25.7 నెలలు దాటారు. లక్షణాలు కనిపించేదాకా ఆగినవాళ్లలో 27.1. అంటే మందు ముందే పడింది, బతుకు పెరగలేదు. పేగు క్యాన్సర్ ఆ మాటకొస్తే కాస్త నయం, కాలేయంలో ఒకటిరెండు మచ్చలుగా ఉండగా దొరికితే కోసి తీసేసే వీలుంటుంది.

మా ఇంట్లోవాళ్లు అడిగితే నేను చెప్పేది: సీఈఏ, సీటీ స్కాన్ మానొద్దు. రెండో దశలో కీమో వేయించాలా వద్దా అని ఊగిసలాట ఉంటే, చేతిలో డబ్బుంటే, సీటీడీఎన్‌ఏ గురించి డాక్టరును అడగండి. మూడు నెలలకోసారి దానికోసం అప్పు చేస్తానంటే మాత్రం ఒప్పుకోను.